బండలాగుడుకు ఏ షట్టర్ స్పీడ్? ఎఫెక్టులు కెమెరాలోనా, ఎడిటింగ్‌లోనా?

హ్యాండీక్యామ్ (చేత్తో పట్టుకుని తీసే చిన్న వీడియో కెమెరా) కొన్నవాళ్లు ముందు వెతికేది ఎఫెక్టుల మెనూనే. షట్టర్ స్పీడ్‌ను, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకోవాలన్న లెక్కను మాత్రం ఆటోకే వదిలేస్తారు. నేనైతే దీన్ని తిరగేయమంటాను. సెపియా (పాత ఫొటోల్లాంటి గోధుమ రంగు), బ్లాక్ అండ్ వైట్, ఫేడ్ (బొమ్మ మెల్లగా తేలి రావడం, మెల్లగా మాయమవడం) లాంటివి ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో కూడా వేసుకోవచ్చు. షట్టర్ తప్పితే మాత్రం తర్వాత బాగుచేయడం చాలా కష్టం.

మన రాయలసీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీలే తీసుకోండి. నెత్తిన ఎండ, ఎద్దుల కాళ్ల కింద దుమ్ము. 1/50, అంటే సెకనులో యాభయ్యో వంతు పెడితే కాళ్లు కొంచెం అలుక్కుపోయినట్టు పడతాయి, దానివల్లే చూసేవాళ్లకు ఊపు తెలుస్తుంది. 1/500 పెడితే ఎగిరే మట్టిబెడ్డలు, బిగిసిన కండరాలు, చర్నాకోల కొస అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కానీ మామూలు వేగంతో చూస్తే పరుగు తెగిపోతున్నట్టు, గబగబా అదిరినట్టు ఉంటుంది. బండ గీత దాటిందా లేదా అని ఆపి చూసుకోవాలన్నా, వీడియోలోంచి ఫొటో తీసుకోవాలన్నా 1/500 మేలు. ఊరంతా కూర్చుని చూసే వీడియోకైతే నా ఓటు 1/50కే. అంత ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లబోతుంటే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ తగిలించండి. అది నల్ల కళ్లద్దాల్లా వెలుగును తగ్గిస్తుంది, రంగులు పెద్దగా మారవు.

రాత్రి లెక్క వేరు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం జరిగేది రాత్రిపూటే. అక్కడ 1/500 పెడితే 1/50కి అందే వెలుగులో పదో వంతే లోపలికి వస్తుంది. కెమెరా గెయిన్ పెంచి, అంటే అందిన కాస్త వెలుగునే లోపల ఎక్కువ చేసి చూపించి ఆ లోటు పూడుస్తుంది, దాంతో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా తయారవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ మిణుకు వీడియోలో పడదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరాలు తరచుగా 1/60 మీద ఉంటాయి. పెళ్లి పందిట్లో బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే ముందు దాన్ని 1/100కి మార్చి చూడండి.

కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవానికి దివిటీలు వెలుగుతాయి. దూరం నుంచి, స్టాండు మీద కెమెరా పెట్టి 1/12 స్లో షట్టర్‌తో తీస్తే ఆ మంటలు గీతలు గీతలుగా సాగుతాయి, చూడటానికి చాలా బాగుంటుంది. మనుషుల ముఖాలు మాత్రం గుర్తుపట్టలేం. అందుకే అలా కొద్దిసేపే తీసి, మిగతాదంతా 1/50కి మార్చుకోవడం మేలు. కొన్ని కెమెరాల్లో ఈ స్లో షట్టర్‌ను ఎఫెక్టుల్లోనే పెడతారు. నిజానికి అది షట్టర్ పనే, తీసేటప్పుడే నిర్ణయించుకోవాలి.

రంగుల ఎఫెక్టులకు ఆ తొందర లేదు. కెమెరాలోనే బ్లాక్ అండ్ వైట్‌లో తీసేస్తే పెళ్లికూతురి చీర రంగు మళ్లీ రాదు. రంగుల్లో తీసుకుంటే రెండూ మన చేతిలో ఉంటాయి. ఎడిటింగ్ రానివాళ్లు, తీసింది తీసినట్టే టీవీకి కలిపి చూపించేవాళ్లు మొదట్లో, చివర్లో ఫేడ్ వాడుకుంటే ఇబ్బంది లేదు.

నేను కెమెరాలోనే వాడమనే ఎఫెక్టు ఒకటుంది. కొన్ని సోనీ హ్యాండీక్యామ్‌లలో ఉండే స్మూత్ స్లో రికార్డింగ్. సుమారు 3 సెకన్ల కదలికను 12 సెకన్లకు సాగదీస్తుంది. ఎద్దులు బండను మొదటిసారి కదిలించే క్షణానికి అది సరిగ్గా సరిపోతుంది. అందులో శబ్దం రికార్డు కాదు కాబట్టి డప్పులు, కేకలు విడిగా మామూలు రికార్డింగ్‌లో పట్టుకోండి.