ప్రొటెజేలో సొంత డేటాటైపులు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మట్టి పరీక్షల సమాచారాన్ని ఆంటాలజీగా, అంటే విషయాలను, వాటి సంబంధాలను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసిన పటంగా కట్టే పనిలో నాలుగేళ్లుగా ప్రొటెజే డెస్క్‌టాప్ వాడుతున్నాను. 5.5తో మొదలుపెట్టాను, ఇప్పుడు 5.6 మీద ఉన్నాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టి, ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్ ఇది. క్లాసులు (వర్గాలు) ఎలా గీయాలో, ప్రాపర్టీలు (లక్షణాలు) ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక విలువ ఏ రకానిదో, ఏ హద్దుల్లో ఉండాలో చెప్పే డేటాటైప్స్ అనే ట్యాబ్ మాత్రం ఎవరూ పెద్దగా తెరవరు. నా పనిలో సగం అక్కడే గడుస్తుంది కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ముందు అవసరం చెప్తాను. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, వీటితో పాటు ఉదజని సూచిక (పీహెచ్), లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. ఒక్కోదానికి ఒక్కో హద్దు. లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపుంటే తక్కువ, 560 దాటితే ఎక్కువ, నడుమ ఉన్నది మధ్యస్థం. జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కన్నా తగ్గితే లోపం. మొదటి ఏడాది ఈ అంకెలను నేరుగా క్లాసుల నిర్వచనాల్లోనే రాసేశాను. కొన్ని నెలలకు చూస్తే 280 అనే అంకె పదకొండు చోట్ల ఉంది. రెండు చోట్ల 'కన్నా తక్కువ' అని, ఒకచోట 'తక్కువ లేదా సమానం' అని. ఏది సరైనదో నాకే గుర్తు లేదు.

సొంత డేటాటైపు ఉన్నది దీనికే. ఎంటిటీస్‌లో డేటాటైప్స్ దగ్గర కొత్త పేరు చేరుస్తాం. కుడివైపు డేటాటైప్ డెఫినిషన్స్ అనే వరుసలో కూడిక గుర్తు నొక్కి, మాంచెస్టర్ సింటాక్స్ అనే రాత పద్ధతిలో హద్దు రాస్తాం. నా 'తక్కువ నత్రజని'కి రాసింది ఎక్స్‌ఎస్‌డీ (ఎక్స్‌ఎంఎల్ స్కీమా) డెసిమల్, అంటే దశాంశ సంఖ్య, పక్కనే చదరపు బ్రాకెట్లలో [>= 0.0, < 280.0]. అంతే. ఆ తర్వాత 'నత్రజని లోపమున్న మట్టి' అనే క్లాసు నిర్వచనంలో అంకె ఉండదు, ఆ పేరే ఉంటుంది. నిర్వచనాల నుంచి ఫలితాలు తేల్చే హెర్మిట్ రీజనర్ నడిపితే, 241.5 ఉన్న నమూనా దానంతటదే ఆ క్లాసులోకి చేరి పసుపు రంగులో కనిపిస్తుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కితే ఎందుకు చేరిందో వరుసగా చెప్తుంది: నమూనా విలువ ఇది, టైపు నిర్వచనం ఇది, క్లాసు నిర్వచనం ఇది. వ్యవసాయ అధికారి ఒకరికి ఈ కిటికీ చూపించినప్పుడు ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. కంప్యూటర్ చెప్పిన జవాబు వెనక కారణం కూడా కనిపించడం ఆయనకు కొత్త. నాకూ ఈ సాఫ్ట్‌వేర్ మీద గురి కుదిరింది ఆ కిటికీ వల్లే.

ఇవన్నీ ఆంటాలజీలు రాసే భాష ఔల్ 2తో వచ్చిన సౌకర్యాలు. ఔల్ 2 వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా వెలువడింది 2009 అక్టోబరులో. అంతకు ముందు ఔల్‌లో ఇలా హద్దు పెట్టి టైపుకి పేరు పెట్టే వీలు లేదు. ప్రొటెజే 3 రోజుల్లో ఎక్స్‌ఎస్‌పీ అనే అదనపు పదజాలంతో నెట్టుకొచ్చేవాళ్లు. అప్పటి ఫైళ్లు ఎక్కడైనా మీ చేతికి వస్తే వాటిలోని హద్దులను ఇప్పటి రీజనర్లు చదవవు, చేత్తో మళ్లీ రాసుకోవాల్సిందే.

ఇక కొత్తవాళ్లంతా తట్టుకునే రాయి. సర్వే నంబరు కోసం ఒక టైపు చేశాను. నమూనా దగ్గర విలువ నింపే డైలాగ్‌లో టైపుల జాబితా తెరిస్తే నేను చేసిన టైపు కూడా అందులో ఉంది. సహజంగానే దాన్ని ఎంచుకున్నాను. రీజనర్ ఆగిపోయింది. రెండు రోజులు నిర్వచనంలో తప్పు వెతికాను. నిర్వచనం బాగానే ఉంది. ఔల్ 2 నియమమే వేరు: మనం నిర్వచించిన టైపుకి విలువల సమితి ఉంటుంది కానీ రాత రూపం ఉండదు, కాబట్టి ఏ విలువనూ నేరుగా ఆ టైపు పేరుతో రాయకూడదు. విలువను మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) గానో డెసిమల్‌గానో రాయాలి. ప్రాపర్టీ రేంజ్‌లో, అంటే దాని విలువ ఏ టైపులో ఉండాలో చెప్పే చోట, మన టైపు పేరు పెట్టాలి. ఇది తెలిశాక అంతా సాఫీ. కానీ వాడకూడని పేరు జాబితాలో కనిపిస్తుంటే ఎవరైనా ఎంచుకుంటారు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటి మార్చమని అడగాల్సి వస్తే ఇదే అడుగుతాను.

తేదీ సంగతి కూడా అలాంటిదే. నమూనా తీసిన రోజుకి ఎక్స్‌ఎస్‌డీ డేట్ పెడతాం కదా, హెర్మిట్ దాన్ని ఒప్పుకోదు. ఔల్ 2 టైపుల పట్టికలో తేదీ ఒక్కటే ఉండే టైపు లేదు, తేదీ సమయం కలిసిన డేట్‌టైమ్ ఉంది. నేను గంటలు నిమిషాలు సున్నాలుగా పెట్టి అదే వాడుతున్నాను. ఫ్లోట్ అనే ఇంకో సంఖ్యల టైపు జోలికి కూడా వెళ్లకండి. ప్రోగ్రాములు రాసే అలవాటుతో మా దగ్గర ఒకరు ఉదజని సూచికను ఫ్లోట్‌గా నింపారు. రేంజ్‌లో ఉన్నది డెసిమల్. మన కంటికి 7.2 ఎక్కడైనా 7.2నే, ఔల్ 2లో మాత్రం ఫ్లోట్ విలువలు, డెసిమల్ విలువలు పూర్తిగా వేర్వేరు లోకాలు. ఒక్క నమూనా వల్ల మొత్తం ఆంటాలజీ అసంగతమని, అంటే తనతో తానే విభేదిస్తోందని తేలింది.

తెలుగు సమాచారంతో పనిచేసేవాళ్లకి ఇంకా ముఖ్యమైన చిక్కు ఒకటుంది. జిల్లా పేరు తెలుగు లిపిలోనే ఉండాలని ఒక టైపు చేశాను. స్ట్రింగ్, దాని మీద ప్యాటర్న్ (ఏ అక్షరాలు రావచ్చో చెప్పే సూత్రం), తెలుగు అక్షరాల వరుస మొత్తం, మధ్యలో ఖాళీ. కర్నూలు వచ్చింది. నల్లగొండ వచ్చింది. అనంతపురం వచ్చింది. మహబూబ్‌నగర్ దగ్గర అసంగతం అంది. అక్షరం అక్షరం చూశాను. మళ్లీ టైప్ చేశాను. అయినా అదే. చివరికి ఆ పదంలో ఒక్కో సంకేతం వేరుచేసి లెక్కపెడితే ఒకటి ఎక్కువ వచ్చింది. 'బ్' తర్వాత 'న' వత్తుగా మారకుండా ఆపేందుకు మనం కొట్టే కనిపించని సంకేతం, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది తెలుగు యూనికోడ్ వరుసలో లేదు, వేరే చోట ఉంది. నాగర్‌కర్నూల్‌కీ అదే గతి. పొల్లు తర్వాత హల్లు విడిగా నిలవాల్సిన పేర్లన్నిటికీ అదే గతి.

దాన్ని ప్యాటర్న్‌లో చేర్చాలంటే ఆ సంకేతాన్నే ఎడిటర్‌లో అతికించాలి. ఎక్స్‌ఎంఎల్ స్కీమా ప్యాటర్న్‌లలో యూనికోడ్ సంఖ్యతో సంకేతాన్ని సూచించే పద్ధతి లేదు. అతికించాక తెరమీద ఏమీ మారదు. చేరిందో లేదో చూపే దారి ప్రొటెజేలో నాకు దొరకలేదు. అందుకే ఆ టైపు కామెంట్‌లో "బ్రాకెట్ మూసే ముందు కనిపించని సంకేతం ఒకటి ఉంది, చెరపకండి" అని రాసిపెట్టాను. ఏడాది తర్వాత ఆ వాక్యం నన్నే కాపాడింది, నిర్వచనం శుభ్రం చేద్దామని చెరిపేయబోయాను.

సర్వే నంబర్ల ప్యాటర్న్ చాలాసార్లు మార్చాక ఇక్కడ నిలిచింది: [1-9][0-9]*(/[అ-ఔ0-9]+)*. 142/2అ, 123/ఆ/1 లాంటివి ఇందులో పడతాయి. అంకెలకు ఎక్స్‌ఎంఎల్ స్కీమాలో ఒక పొట్టి గుర్తు ఉంది, కానీ దాని లెక్కలో ౧౪౨ కూడా అంకెలే. మాకు అది వద్దు కాబట్టి 0-9 అని విడిగా రాశాను. మొదట్లోనూ చివర్లోనూ ఇతర భాషల్లో పెట్టే ^, $ గుర్తులు ఇక్కడ పెట్టకూడదు. ప్యాటర్న్ ఎప్పుడూ పూర్తి పదానికే సరిచూస్తారు, ఆ గుర్తులు పెడితే అవి కూడా పదంలో ఉండాలని అర్థమవుతుంది. టైపు పట్టుకోలేనిది కూడా ఉంది. ఇంగ్లీషులో మొదటి అక్షరాన్ని ఒకరు 'ఎ' అని, ఇంకొకరు 'ఏ' అని రాస్తారు. రెండూ ప్యాటర్న్‌లో పడతాయి, ఒకే పొలం రెండు పొలాలవుతుంది. దాన్ని పాస్‌బుక్ చూసి సరిదిద్దుకోవాల్సిందే.

అన్నిటికన్నా ఖరీదైన పాఠం కొలమానాల దగ్గర జరిగింది. రెండో ఏడాది ఒక పరీక్షా కేంద్రం నుంచి తొమ్మిది వందల నమూనాలు ఎక్సెల్‌లో వచ్చాయి. సెల్ఫీ ప్లగిన్‌తో లోపలికి తెచ్చాం. రీజనర్ నడిపాం. ఒక్క తప్పు కూడా చూపలేదు. నత్రజని కాలమ్‌లో మాత్రం దాదాపు అన్నీ 'లోపం'లో పడ్డాయి. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి చూసి, "అక్కా, ఇన్ని పొలాలకి ఒకేసారి లోపం ఎట్లా వస్తుంది? పక్క మండలంలో అట్లా లేదు కదా" అంది. ఆ కేంద్రానికి ఫోన్ చేశాను. అవతలి మనిషి తాపీగా, "మేడమ్, మేము ఎకరానికే లెక్కగట్టి ఇస్తాం. రైతుకి హెక్టారు ఏం అర్థమవుతుంది?" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. హెక్టారుకు 280 అంటే ఎకరానికి సుమారు 113. మా టైపు మాత్రం 113ని చూసి ఆనందంగా 'తక్కువ' అంది, ఎందుకంటే దాని లోకంలో అంకె తప్ప కిలో లేదు, ఎకరం లేదు. అదృష్టం కొద్దీ సలహాలు ఇంకా రైతుల దాకా వెళ్లలేదు. వెళ్లి ఉంటే అంతమంది అవసరం లేని యూరియా వేసేవాళ్లు.

ఆ రోజు నుంచి ఎకరానికి ఒక ప్రాపర్టీ, హెక్టారుకు ఒక ప్రాపర్టీ. ప్రతి టైపు లేబుల్‌లోనే కొలమానం: 'తక్కువ నత్రజని కి/హె'. కొలమానాలను పద్ధతిగా నమోదు చేయాలంటే క్యూయూడీటీ అనే ఆంటాలజీ ఉంది, పెద్ద ప్రాజెక్టులకు అదే మంచిది. మాకు లేబుల్ చాలు. లేబుల్‌లోనే ఎందుకంటే, ప్రొటెజేలో టైపు ఎక్కడ కనిపించినా పేరు ఒక్కటే కనిపిస్తుంది. ప్రాపర్టీ రేంజ్‌లో గానీ క్లాసు నిర్వచనంలో గానీ హద్దు ఎంతో తెలియదు. పేరు మీద నొక్కి టైపు దగ్గరికి వెళ్తే తప్ప నిర్వచనం, కామెంట్ కనపడవు. మౌస్ ఆపితే నిర్వచనం తేలివస్తే ఎంత బాగుండేదో. అది లేదు కాబట్టి పేరే మొత్తం బరువు మోయాలి.

పేర్లు తెలుగులో చూడాలంటే వ్యూ మెనూలో లేబుల్‌తో చూపించమని చెప్పి, ప్రిఫరెన్సెస్‌లో రెండరర్ దగ్గర భాషల వరుసలో తెలుగును ముందుకు తేవాలి. నా లినక్స్ యంత్రంలో తెలుగు ఫాంట్ వేసేదాకా గళ్లే కనిపించాయి, వేశాక వత్తులు గుణింతాలు అన్నీ సరిగ్గా వచ్చాయి. లేబుల్ మధ్యలో ఖాళీ ఉంటే నిర్వచనాల్లో దాన్ని ఒంటి కొటేషన్లలో పెట్టాలి, మరిచిపోతే ఎడిటర్ ఎర్రగీత పెట్టి ఒప్పుకోదు. టైపుల జాబితా చదునుగా ఉంటుంది, క్లాసుల్లా చెట్టులా విచ్చుకోదు. 'తక్కువ', 'మధ్యస్థం', 'ఎక్కువ' ఒక గుంపుగా చూపించలేం. తెలుగు పేర్లు ఇంగ్లీషు పేర్ల తర్వాత చివర్లో చేరతాయి కాబట్టి వెతుక్కోవడం మాత్రం తేలికే.

ఎంచుకునే ముందు తెలియాల్సినవి రెండు. మీది పెద్ద ఆంటాలజీ అయి, వేగం కోసం ఎల్క్ రీజనర్ వాడుతుంటే ఈ హద్దులు మీకు పనికిరావు. ఎల్క్ పనిచేసే ఔల్ 2 ఈఎల్ విభాగంలో ఇలాంటి హద్దులకు చోటు లేదు. రెండోది, డేటాటైపును గుమ్మం దగ్గర కాపలా అనుకోకండి. ఉదజని సూచిక 0 నుంచి 14 అని పెట్టాక ఎవరో 7.2కి చుక్క మరిచి 72 కొడితే, ఆ ఒక్క గడి ఎర్రబడదు, మొత్తం ఆంటాలజీ అసంగతమవుతుంది. విలువ నింపకపోతే అసలు ఏమీ అనదు, తెలియదని వదిలేస్తుంది. లోపలికి వచ్చే సమాచారాన్ని ముందుగా జల్లెడ పట్టడానికి మేము షాకల్ వాడుతున్నాం. 2017 జులైలో డబ్ల్యూ3సీ ప్రమాణంగా వచ్చిన భాష అది. అదే హద్దును అక్కడ ఇంకోసారి రాయాలి, చిరాకే, కానీ ఏ నమూనాలో ఏ గడి తప్పో సూటిగా చెప్తుంది. అది దాటి వచ్చిన వాటికే ప్రొటెజేలో అర్థం చెప్పుకుంటాం.

పోయిన నెల వ్యవసాయ అధికారి మళ్లీ వచ్చారు. "జింకు హద్దు 0.6 కాకుండా వరి పొలాలకి 0.8 పెట్టి చూద్దామా అమ్మా, ఏం మారుతుందో?" అన్నారు. మొదటి ఏడాది అయితే వారం అడిగేదాన్ని. ఇప్పుడు 'జింకు లోపం పీపీఎం' అనే టైపు తెరిచాను, ఒక అంకె మార్చాను, రీజనర్‌ను మళ్లీ నడిపాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెరకు దగ్గరగా వంగారు. ఒక్కో నమూనా పక్కన పసుపు వరుసలు చేరుతుంటే వేలు పెట్టి ఊరి పేర్లు చదవడం మొదలుపెట్టారు.