కొలనోస్కోపీ: ‘నార్మల్’ అన్న రిపోర్టును ఎంతవరకు నమ్మాలి?

పెద్దపేగు మొత్తం లోపలి గోడను నేరుగా చూస్తూ, పాలిప్ (గోడ మీద పెరిగే చిన్న కండ) కనబడితే అప్పటికప్పుడే తీసేయగల పరీక్ష కొలనోస్కోపీ ఒక్కటే. ఆ విషయంలో దీనికి పూర్తి మార్కులు. అయితే చేసే చేతిని బట్టి, పేగు శుభ్రతను బట్టి ఫలితం చాలా మారిపోతుంది. ఒకే మనిషికి వెంటవెంటనే రెండుసార్లు చేసి చూసిన అధ్యయనాల్లో, మొదటిసారి దాదాపు నాలుగో వంతు అడినోమాలు (మున్ముందు క్యాన్సర్‌గా మారగల పాలిప్‌లు) కంటపడలేదు. తప్పిపోయినవి ఎక్కువగా చిన్నవే.

రిపోర్టు చేతికి రాగానే ఫోటోలు చూడండి. ‘సీకం (పెద్దపేగు మొదలయ్యే చోటు, స్కోప్ చేరాల్సిన చివరి గమ్యం) చేరాం’ అన్న మాట చాలదు. అపెండిక్స్ ద్వారం, ఇలియోసీకల్ కవాటం (చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటి తలుపు) ఫోటోల్లో స్పష్టంగా కనిపించాలి. స్కోప్ (కెమెరా గొట్టం) ఎన్ని సెంటీమీటర్లు లోపలికి పోయిందన్నది రుజువు కాదు. సిగ్మాయిడ్ (మలద్వారానికి దగ్గరగా వంకర తిరిగే పేగు భాగం) దగ్గర గొట్టం చుట్ట పడితే ఎంత తోసినా ఆ చుట్టే పెద్దదవుతుంది, కొస మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నొప్పి కూడా అక్కడే పుడుతుంది. గొట్టాన్ని కాస్త వెనక్కి లాగి చుట్ట విప్పి, పొట్ట మీద చేత్తో అదిమి, పేషెంటును పక్కకు తిప్పితే 70-80 సెంటీమీటర్లకే సీకం అందుతుంది.

అసలు వెతుకులాట జరిగేది స్కోప్‌ను వెనక్కి తీసేటప్పుడు. పాలిప్ ఏదీ దొరకని కేసులో దీనికి కనీసం 6 నిమిషాలు పట్టాలన్నది పాత లెక్క. 2024లో అమెరికా నిపుణుల సంఘాలు దాన్ని 8 నిమిషాలకు పెంచాయి. అయినా నిమిషాలొక్కటే చూస్తే లాభం లేదు, ప్రతి మడత వెనకా చూడాలి. కుడివైపు పేగులో సెరేటెడ్ పాలిప్‌లు (రంపపు పళ్లలాంటి నిర్మాణమున్న మరో రకం పాలిప్‌లు) చదునుగా, పైన జిగురు పొర కప్పుకుని ఉంటాయి. ఆ పొరను నీటితో కడిగితేనే బయటపడతాయి. అందుకే కుడివైపు రెండోసారి చూసే డాక్టరు మీద మాకు నమ్మకం ఎక్కువ. డాక్టరును ఒక ప్రశ్న మొహమాటం లేకుండా అడగొచ్చు: ‘మీ అడినోమా డిటెక్షన్ రేటు ఎంత?’ అంటే, ఆయన పరీక్షించిన ప్రతి వందమందిలో ఎందరికి కనీసం ఒక అడినోమా దొరికిందన్న లెక్క. 45 ఏళ్లు దాటినవారిలో అది 35 శాతానికి తగ్గకూడదు. 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ రేటు 1 శాతం పెరిగిన కొద్దీ తర్వాత క్యాన్సర్ బయటపడే ముప్పు 3 శాతం చొప్పున తగ్గింది.

ఇక విరేచనాల మందు. అంతా ముందురోజు రాత్రే తాగేస్తే, తెల్లారేలోపు చిన్నపేగు నుంచి పసరు దిగి కుడివైపు పేగుకు పూతలా అంటుకుంటుంది. అందుకే సగం రాత్రి, మిగతా సగం పరీక్షకు 4-6 గంటల ముందు మొదలుపెట్టి 2 గంటల ముందే ముగించాలి. చివరికి విరేచనం లేత పసుపు నీళ్లలా రావాలి. రిపోర్టులో పేగు ఎంత శుభ్రంగా ఉందో చెప్పే బోస్టన్ స్కోరు ఉంటుంది: పేగు కుడి, మధ్య, ఎడమ భాగాలు మూడింటికీ గరిష్ఠంగా 3 చొప్పున మొత్తం 9. ఏ భాగానికైనా 2 కన్నా తక్కువ వస్తే, కింద ‘నార్మల్, పదేళ్ల తర్వాత రండి’ అని రాసి ఉన్నా ఒప్పుకోవద్దు. ఏడాదిలోపు మళ్లీ చేయించాల్సిందే.