నగదుకా, ఫైనాన్స్‌కా, కార్డు మీదా: ఫోను కొనేటప్పుడు ఏది మేలు?

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీలు, ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగిన తరువాత మా నల్లగొండ వైపు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఫోన్ల ధర ఎందుకు దిగలేదు, దిగేదాకా ఆగాలా, ఆగకపోతే నగదు పెట్టి కొనాలా, ఫైనాన్స్‌లో తీసుకోవాలా? మొదటి దానికి జవాబు చిన్నది. ఫోన్లు 28 శాతం శ్లాబులో ఎన్నడూ లేవు. 2020 ఏప్రిల్ 1న వాటి మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది, 2025 మార్పుల్లో ఆ రేటును కదపలేదు. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 20 నుంచి 15 శాతానికి తగ్గించారు గానీ, మన దుకాణాల్లో అమ్ముడయ్యే ఫోన్లలో అత్యధికం ఈ దేశంలోనే తయారవుతున్నందున ఆ తగ్గింపు వల్ల సామాన్యుడి ఫోనుకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. పన్ను తగ్గుతుందని ఎదురుచూడడం వల్ల లాభం లేదు.

ఊరు మారిస్తే ధర మారుతుందనే నమ్మకం కూడా పాతదే. మక్తల్ వాళ్లు రాయచూరుకు, అలంపూర్ వాళ్లు కర్నూలుకు, కోదాడ వాళ్లు విజయవాడకు వెళ్లి కొనడానికి 2017 జూలై 1కి ముందు కొంత కారణం ఉండేది, ఎందుకంటే అప్పుడు వ్యాట్, అంటే రాష్ట్రాలు వేసే అమ్మకపు పన్ను, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉండేది. పెట్రోలు మీద, మద్యం మీద వేసినట్టుగా ఇప్పుడు ఫోను మీద రాష్ట్రం తన ఇష్టప్రకారం పన్ను వేయలేదు. బిల్లు రూ. 20,000 అయితే అందులో రూ. 3,051 జీఎస్టీ, దానిలో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. రాయచూరులో కొంటే ఆ సగం కర్ణాటక ఖజానాకు పోతుందే తప్ప కొన్నవారి జేబులో మిగిలేదేమీ లేదు. ఒకే వస్తువు మీద రెండు రకాల ఎంఆర్‌పీ ముద్రించడానికి కూడా తూనికలు కొలతల నిబంధనలు ఒప్పుకోవు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో నాలుగైదు వందలు తక్కువకు దొరికితే అది దుకాణదారు తన మార్జిన్‌లో వదులుకున్నది, లేదా బిల్లు లేకుండా అమ్మినది. రెండో రకానికి దూరంగా ఉండడం మంచిది.

ఇక అసలు విషయం. నా దృష్టిలో ఈ లెక్కంతా దుకాణంలోకి అడుగుపెట్టగానే అడగవలసిన ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: "అన్నా, నగదుకైతే ఎంత పడుతుంది?" ఫైనాన్స్ సంగతి ఎత్తకముందే ఈ మాట అడగాలి. ఆధార్ కార్డు ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్ చేతిలో పెట్టిన తరువాత అడిగితే ధర ఇక కిందికి రాదు.

ఉదాహరణకు రూ. 20,000 ఫోనును నగదుకైనా, యూపీఐకైనా రూ. 19,000కు ఇస్తామన్నారనుకుందాం. అదే ఫోను "నో కాస్ట్ ఈఎంఐ"లో రూ. 20,000: ముందు రూ. 5,000 కట్టి, మిగిలిన రూ. 15,000ను నెలకు రూ. 1,500 చొప్పున పది నెలలు చెల్లించాలి. ప్రాసెసింగ్ ఫీజు రూ. 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి రూ. 590. వడ్డీ సున్నా అంటారు. కానీ ఆ రోజు చేతి నుంచి పోయేది రూ. 5,590. వస్తువు నిజమైన ధర రూ. 19,000 గనుక, మనకు దొరికిన అప్పు రూ. 13,410 మాత్రమే. దానికి పది నెలల్లో కట్టేది రూ. 15,000. లెక్క వేస్తే నూటికి నెలకు రెండు రూపాయల పైచిలుకు మిత్తి పడుతుంది, అంటే ఏడాదికి దాదాపు 25 శాతం. ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల మిత్తికి అప్పిస్తామంటే ఆలోచించి తీసుకునే మనిషి, ఇక్కడ మిత్తి లేదన్న ధీమాతో అదే రేటుకు సంతకం పెట్టి వస్తున్నాడు.

రిజర్వ్ బ్యాంకుకు ఈ సంగతి తెలియనిది కాదు. సున్నా వడ్డీ అనేది ఉండదని 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ కీలక వివరాల పత్రం, అంటే కేఎఫ్‌ఎస్, ఇవ్వడం తప్పనిసరి చేసింది. వడ్డీ, ఫీజు, అప్పుతో పాటు అంటగట్టే బీమా ఖర్చు అన్నీ కలిపిన ఏడాది రేటు, ఏపీఆర్, అందులో ఉండాలి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది కూడా నిబంధనే, కనుక తెలుగులో కావాలని అడిగే హక్కు మనకు ఉంది. అందులో లేని చార్జీని తరువాత మన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. ఆ పత్రాన్ని ఇంటికి తీసుకుపోయి ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువు కూడా ఉంటుంది. ఆచరణలో జరిగేది మాత్రం వేరు: ఫోనుకు ఓటీపీ వస్తుంది, ఎగ్జిక్యూటివ్ దాన్ని తన ట్యాబ్‌లో కొడతాడు, పత్రం ఎక్కడో వాట్సాప్‌లో లింకుగా పడి ఉంటుంది, స్క్రీన్ పగిలితే ఇచ్చే ప్లాను ఒకటి అడగకుండానే చేరిపోతుంది.

ఆ పత్రాన్ని శ్రద్ధగా చదివినా ఒక లోపం మిగులుతుంది. పై ఉదాహరణలో ఫీజును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఏపీఆర్ దాదాపు 9 శాతంగా కనిపిస్తుంది. నగదు ధరలో మనం వదులుకున్న వెయ్యి రూపాయలు అందులో ఎక్కడా ఉండవు, ఎందుకంటే నిబంధన అప్పును చూస్తుంది గానీ ధరను చూడదు. 9 శాతానికీ 25 శాతానికీ మధ్య ఉన్న దూరాన్ని కొనేవాడే కొలుచుకోవాలి. నగదు ధర ఎంతో ముందుగా తెలుసుకోమని ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. నగదుకూ ఈఎంఐకీ నిజంగా ఒకే ధర ఉంటే, ఫీజు కూడా తక్కువైతే, ఫైనాన్స్‌ను కాదనడానికి నాకు కారణమేమీ కనిపించదు. కొత్త మోడల్ విడుదలైన మొదటి వారాల్లో కంపెనీయే వడ్డీ భరించే స్కీములు అలా ఉండడం కద్దు.

మన జిల్లాలకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటుంది. కిస్తు నెలనెలా వస్తుంది, రైతు ఇంటికి డబ్బు అలా రాదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వానాకాలం వడ్ల డబ్బు ఒకసారి, యాసంగిది ఒకసారి ఖాతాలో పడుతుంది. మధ్యలో ఉన్న నెలలు పెట్టుబడి నెలలు. మేలో వడ్ల డబ్బు చూసుకుని ఫోను తీసుకున్నవారికి ఎరువులు, కూలీలు మీద పడే ఆగస్టులో కిస్తు బౌన్స్ అవుతుంది. అప్పుడు ఫైనాన్స్ కంపెనీ ఒక చార్జీ, ఖాతా ఉన్న బ్యాంకు ఇంకొక చార్జీ వేస్తాయి. రూ. 1,500 కిస్తుకు వందల్లో పడే ఈ చార్జీలు ఒకటి రెండు సార్లు పడితే పైన వేసిన మిత్తి లెక్క కూడా చిన్నబోతుంది. కొత్త రుణాలకు 2024 ఏప్రిల్ నుంచి అపరాధ రుసుమును వడ్డీగా వేయకూడదనీ, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లాగకూడదనీ నిబంధన ఉంది. అది కొంత ఊరటే గానీ బౌన్స్ చార్జీని ఆపదు. ఆలస్యం సిబిల్ రికార్డులోకి, అంటే మన అప్పుల చరిత్రలోకి, కూడా వెళుతుంది. పంట రుణం కోసం బ్యాంకుకు పోయినప్పుడు మేనేజర్ చూసేది కూడా ఆ రికార్డునే. ఫోను కోసం పంట రుణాన్ని చిక్కుల్లో పెట్టుకోవడం ఏ రకంగానూ గిట్టుబాటు కాదు. పదిహేను రోజులకొకసారి పాల బిల్లు వచ్చే ఇళ్లకు, నెల జీతం ఉన్నవారికి ఈ భయం తక్కువ. పంట మీదే ఆధారపడినవారు మాత్రం వడ్ల డబ్బు పడిన నెలలో, ఆ డబ్బుకు సరిపోయే ఫోనును, అది ఒక మెట్టు తక్కువ మోడలైనా సరే, నగదుకు కొనడమే మేలని నా అభిప్రాయం.

క్రెడిట్ కార్డు ఉన్నవారి లెక్క వేరు. వడ్డీ ఉన్న ఈఎంఐని "నో కాస్ట్" అని మభ్యపెట్టకూడదనీ, అసలు, వడ్డీ, తగ్గింపు విడివిడిగా చూపాలనీ 2022 నాటి కార్డు నిబంధనలు చెబుతున్నాయి. కేఎఫ్‌ఎస్ మాత్రం కార్డు బాకీలకు వర్తించదు. ఇంకో చిన్న తేడాను ఎవరూ గమనించరు: మామూలు రుణం మీది వడ్డీకి జీఎస్టీ లేదు, క్రెడిట్ కార్డు వడ్డీకి 18 శాతం ఉంది. రూ. 20,000 ఫోనును 16 శాతం వడ్డీ లెక్కన ఆరు నెలల నో కాస్ట్‌లో పెడితే దాదాపు రూ. 900 వడ్డీని ముందే తగ్గింపుగా ఇస్తారు. ఆ వడ్డీ మీది జీఎస్టీ రూ. 162, ఫీజు రూ. 199 అయితే పన్నుతో రూ. 235, మొత్తం రూ. 397 మనమే కట్టుకోవాలి. అయినా దసరా అమ్మకాల్లో ఆన్‌లైన్‌లో బ్యాంకు ఇచ్చే తగ్గింపు వెయ్యి, రెండు వేలు ఉంటే కార్డే గెలుస్తుంది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ అమ్మకపు వేదికలు తామే ధర తగ్గించకూడదని విదేశీ పెట్టుబడుల నిబంధనలు చెబుతున్నా, బ్యాంకు పేరిట వచ్చే ఆఫర్లు ఆగలేదు. మన ఊరి దుకాణంలో మాత్రం కార్డు గీకితే రెండు శాతం అదనం అంటారు, అక్కడ కార్డు తీయకపోవడం మంచిది.

అమెరికాలో ఉన్న పిల్లలతో ఐఫోన్ తెప్పించుకోవడం గురించి కూడా కొందరు అడిగారు. ఐఫోన్ 16 విడుదలైనప్పుడు అక్కడ ప్రకటించిన ధర 799 డాలర్లు, ఇక్కడ రూ. 79,900. అక్కడి ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు, ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. అది తీసేస్తే మనది సుమారు రూ. 67,700, అప్పటి మారకం ప్రకారం వాళ్లది సుమారు రూ. 67,000. పైగా ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ఫోనులోనే ఇమిడి ఉండే ఈసిమ్ ఒక్కటే దిక్కు. పిల్లలు ఎలాగూ వస్తుంటే తెప్పించుకోవచ్చు, దాని కోసం ప్రత్యేకంగా లెక్కలు అనవసరం.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులు వ్యాపారానికి వాడే ఫోనైతే తమ జీఎస్టీ నంబరుతో బిల్లు వేయించుకోవాలి. రూ. 20,000లో ఆ రూ. 3,051 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగి వస్తుంది. ఇక సెకండ్ హ్యాండ్ ఫోను కొనేవారు డబ్బిచ్చే ముందు ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకు ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు, సరిచూసుకోవాలి.