గుండెల్లో మంటకు వంటసోడానా, యాంటాసిడ్ జెల్లా?

ఆవకాయ అన్నం కాస్త ఎక్కువై గుండెల్లో మంట మొదలైతే చాలామంది వంటసోడా డబ్బా తీస్తారు. పని చేస్తుంది, నిజమే. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలవగానే ఉప్పు, నీరు, కార్బన్ డయాక్సైడ్ తయారవుతాయి. ఆ గ్యాసే తేన్పుగా వస్తుంది. హాయిగా అనిపిస్తుంది కానీ పొట్ట ఉబ్బరం కూడా దానివల్లే. పైగా అరచెంచా సోడాలో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లకు ఇది అస్సలు మంచిది కాదు.

మందుల షాపులో దొరికే యాంటాసిడ్ (ఆమ్లాన్ని తగ్గించే మందు) జెల్‌లో సాధారణంగా మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లు ఉంటాయి. సోడాలాగే ఇవీ ఆమ్లాన్ని తగ్గించే క్షారాలే, కానీ గ్యాస్ పుట్టించవు. మెగ్నీషియంతో విరేచనాలు, అల్యూమినియంతో మలబద్ధకం. అందుకే రెండూ కలుపుతారు. నా ఓటు జెల్‌కే. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడగాలి. మంటతో పాటు చెమటలు, ఎడమచేయి లాగడం ఉంటే సోడా, జెల్ రెండూ వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.