రోబోటిక్ మౌంట్‌తో గిగాపిక్సెల్ పనోరమాలు: ఏళ్లుగా వాడుతున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఫోన్‌లో చూసుకోడానికో స్టేటస్‌లో పెట్టుకోడానికో పనోరమా కావాలంటే దీని జోలికి పోకండి, ఫోన్‌లో ఉన్న పనోరమా మోడ్ చాలు, ఇంకాస్త బాగా కావాలంటే కెమెరాని చేత్తో పట్టుకుని ఏడెనిమిది ఫ్రేములు (ఫొటోలు) తీసి కలిపేసుకోవచ్చు. ఈ రోబోటిక్ మౌంట్ అంటే ట్రైపాడ్ మీద కెమెరాని మోటర్లతో కొంచెం కొంచెం తిప్పుతూ వందల ఫొటోలు తీయించేది, అవన్నీ కలిపితే గిగాపిక్సెల్, అంటే వంద కోట్ల పిక్సెల్స్ దాటే ఒకే ఫొటో వస్తుంది, దీని పని వేరే. గోడంత ప్రింట్ వేశాక దగ్గరికెళ్లి చూసినా రాతి మీద పగులు కనపడాలి, కంప్యూటర్‌లో జూమ్ చేసుకుంటూ పోతే అవతలి గట్టు మీద చెట్టుకొమ్మలు విడివిడిగా తెలియాలి అనుకునేవాళ్లకే ఇది. నేను ఎక్కువగా వాడింది గండికోటలో, పెన్నా లోయ మీద. అందుకే ఉదాహరణలన్నీ అక్కడివే.

ఈ పద్ధతి మార్స్ మీద నుంచి వచ్చింది, చాలామందికి తెలీదు. 2004లో అక్కడ దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు చిన్న చిన్న ఫొటోలు వరసగా తీసి పంపితే ఇక్కడ వాటిని అతికించి పెద్ద పనోరమాలు చేసేవాళ్లు. అదే పనిని మామూలు కెమెరాలతో చేయిద్దామని అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కలిసి గిగాపాన్ అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టాయి, గూగుల్ కూడా సాయం చేసింది. జనంలోకి బాగా వెళ్లింది మాత్రం 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారం ఫొటోతో. డేవిడ్ బెర్గ్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ గిగాపాన్ మౌంట్ మీద కానన్ జీ10 అనే చిన్న కెమెరా పెట్టి 220 ఫొటోలు తీసి కలిపాడు, మొత్తం 1,474 మెగాపిక్సెల్స్, ల్యాప్‌టాప్‌లో స్టిచ్ అవడానికే (ఒకటిగా అతుక్కోడానికే) ఆరున్నర గంటలు దాటింది. ఆ జనంలో ఎవరి మొహం మీదికైనా జూమ్ చేసి చూడొచ్చు. నాకు ఈ పిచ్చి పట్టింది ఆ ఫొటో చూశాకే.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) సైజు మౌంట్. రెండు మోటర్లు, ఒకటి పక్కకి తిప్పేది, ఒకటి పైకీ కిందకీ వంచేది, షట్టర్‌కి ఒక కేబుల్. మొదట మీ లెన్స్ ఎంత కోణం చూస్తుందో దానికి నేర్పాలి, అంటే ఒక గుర్తుని ఫ్రేము పై అంచుకి, మళ్లీ కింది అంచుకి తెచ్చి ఓకే కొట్టాలి. తర్వాత మీకు కావాల్సిన సీన్‌లో ఎడమ పైమూల, కుడి కిందిమూల చూపిస్తే ఎన్ని నిలువు వరసలు, ఎన్ని అడ్డ వరసలు పడతాయో అదే లెక్కేసుకుంటుంది. ఇక్కడ జూమ్ లెన్స్ వాడేవాళ్లు జాగ్రత్త, లెక్క అయ్యాక జూమ్ రింగ్ కొంచెం కదిలినా ఓవర్‌ల్యాప్, అంటే పక్కపక్క ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పడే భాగం, తేడా వస్తుంది, నేనైతే రింగ్ మీద టేపు వేసేస్తా.

లెక్క ఎలా ఉంటుందో చెప్తా. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత 35 ఎంఎం ఫిల్ము అంత సెన్సర్ ఉన్నది), 24 మెగాపిక్సెల్, 200 ఎంఎం లెన్స్ (దూరాన్ని దగ్గర చేసే టెలీ), కెమెరా నిలువుగా పెడితే ఒక ఫ్రేములో పడేది దాదాపు 7 డిగ్రీల వెడల్పు, 10 డిగ్రీల ఎత్తు. 30 శాతం ఓవర్‌ల్యాప్ వదిలి 180 డిగ్రీల వెడల్పు, 40 డిగ్రీల ఎత్తు కవర్ చేయాలంటే 38 నిలువు వరసలు, ఒక్కోదాంట్లో 6 ఫ్రేములు, అంటే 228. కలిపాక అటూ ఇటూ 240 కోట్ల పిక్సెల్స్. ఒక్కో ఫ్రేముకి మోటర్ తిరిగి, ఊగడం ఆగి, షట్టర్ పడటానికి ఐదారు సెకన్లు వేసుకోండి, మొత్తం ఇరవై నిమిషాలు పైనే.

అసలు విషయం ఈ ఇరవై నిమిషాల్లోనే ఉంది. రోబో ఫ్రేము తప్పదు, ఓవర్‌ల్యాప్ తప్పదు, చెయ్యి వణకదు, ఆ పని అది నాకన్నా వంద రెట్లు బాగా చేస్తుంది. కానీ ఎండ దానికోసం ఆగదు కదా. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, పొద్దున్నే కింద ఉన్నప్పుడైతే ఇరవై నిమిషాల్లో నీడల పొడుగు సగానికి సగం తగ్గిపోవచ్చు. అందుకే ఎప్పుడూ నిలువు వరసల ఆర్డర్‌లోనే తీయమని చెప్తా. అలా తీస్తే పక్కపక్క వరసల మధ్య అర నిమిషమే తేడా, నీడ కదిలినా కంటికి తెలీదు. అడ్డ వరసలుగా తీశారనుకోండి, పై వరసకీ కింది వరసకీ మూడున్నర నిమిషాల తేడా, లోయ గోడ మీద నీడ అంచు తెగినట్టు కనపడుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా సరిచేయలేదు. మబ్బులు పరిగెడుతున్న రోజైతే మౌంట్ బ్యాగులోంచి తీయకపోవడమే మంచిది, ఒక వరస ఎండలో, పక్క వరస నీడలో వస్తుంది.

సెట్టింగ్స్ అన్నీ మాన్యువల్, ఇందులో రెండో మాట లేదు. ఎక్స్‌పోజర్ (వెలుతురు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మూడూ లాక్, అపర్చర్ (లెన్స్ కన్నం) ఎఫ్/8 దగ్గర, లెన్స్‌లో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించేది) ఆఫ్. పోలరైజర్ ఫిల్టర్ (ఆకాశాన్ని ముదురు చేసే అద్దం) పెట్టకండి, ఆకాశం ఒకచోట ముదురు నీలం, ఒకచోట తెలుపు వచ్చి చారలు పడుతుంది.

ఇక వేడి. రాయలసీమ ఎండలో పొద్దున పది గంటలు దాటితే రాళ్ల మీద నుంచి గాలి ఆవిరిలా లేస్తుంది, 200 ఎంఎంలో చూస్తే అవతలి గట్టు నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతూ ఉంటుంది, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అంతే. డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున పూట తీసిన వాటిలో క్వార్ట్‌జైట్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఎంత స్పష్టంగా వస్తాయంటే, పొరకీ పొరకీ మధ్య సందులో మొలిచిన గడ్డి కూడా కనపడుతుంది. అది స్క్రీన్ మీద మొదటిసారి చూసినప్పుడు కొన్న డబ్బులు మొత్తం వసూలయ్యాయనిపించింది.

గాలి ఇంకో శత్రువు. లోయ అంచున గాలి ఎప్పుడూ ఉంటుంది, లెన్స్ హుడ్ తీసేయండి, ట్రైపాడ్ కాళ్లు వీలైనంత తక్కువ చాపండి, షట్టర్ పడేముందు ఆగే టైం ఇంకో సెకను పెంచండి.

పారలాక్స్ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. ఒక కన్ను మూసి వేలు చూసి, మళ్లీ ఇంకో కన్నుతో చూస్తే వేలు వెనకున్న వాటితో పోలిస్తే జరిగినట్టుంటుంది చూడండి, అదే ఇది. అంతా దూరంగా ఉన్న సీన్ అయితే దీని ఊసే అక్కర్లేదు. కానీ గండికోటలో మీ కాళ్ల దగ్గరి బండలు కూడా ఫ్రేములోకి రావాలంటే మాత్రం కెమెరాని మౌంట్‌లోని పట్టాల మీద వెనక్కీ ముందుకీ జరిపి, లెన్స్ సరిగ్గా ఏ పాయింట్ చుట్టూ తిరగాలో సెట్ చేసుకోవాల్సిందే, లేకపోతే దగ్గరి బండ అంచులు మెట్లు మెట్లుగా అతుక్కుంటాయి.

స్టిచింగ్‌కి నేను పీటీగుయ్ (PTGui) అనే సాఫ్ట్‌వేర్ వాడతా. హగిన్ (Hugin) అనేది ఫ్రీ, మంచిదే, కానీ వందల ఫ్రేములకి ఓపిక కావాలి. ఆటోపానో గిగా అని ఒకటి అద్భుతంగా ఉండేది, దాన్ని చేసిన కోలర్ కంపెనీని 2015లో యాక్షన్ కెమెరాల కంపెనీ గోప్రో కొని 2018లో మూసేసింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఉత్త ఆకాశం ఉన్న ఫ్రేముల్లో సాఫ్ట్‌వేర్‌కి పట్టుకోడానికి ఏ గుర్తూ దొరకదు, అప్పుడు పీటీగుయ్‌లో గ్రిడ్ ప్రకారం అమర్చే ఆప్షన్ ఉంది, ఎన్ని వరసలో చెప్తే మిగతాది అదే చూసుకుంటుంది. ఐతే మధ్యలో ఒక్క షట్టర్ పడకపోయినా గ్రిడ్ మొత్తం జరిగిపోతుంది కాబట్టి అక్కడి నుంచి కదిలేముందే మౌంట్ చెప్పిన లెక్క, కార్డులో ఉన్న లెక్క ఒకటేనా అని చూసుకోండి.

కదిలేవాటితో ఓ తమాషా ఉంది. అవతలి గట్టు మీద మేక మౌంట్ తిరిగే వైపే మేసుకుంటూ పోతే అదే మేక మూడు వరసల్లో పడుతుంది, ఒకచోట సగం మేక కూడా. పీటీగుయ్‌లో వద్దన్న చోట ఎర్ర మాస్క్, ఉంచాల్సిన చోట పచ్చ మాస్క్ పూస్తే సరిపోతుంది, కాకపోతే నూరు శాతం జూమ్‌లో ఒక్కో జాయింటూ వెతుక్కుంటూ పోవాలి, ఆ పనికి తీసినదానికన్నా ఎక్కువ టైం పడుతుంది.

సేవ్ చేసేటప్పుడు జేపెగ్‌కి ఒక వైపు 65,535 పిక్సెల్స్ దాటవు, పైన చెప్పిన ఫొటో వెడల్పే లక్ష దాటుతుంది. మామూలు టిఫ్ 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. పీఎస్‌బీ (ఫొటోషాప్‌లో పెద్ద ఫైళ్ల కోసం ఉన్న ఫార్మాట్) లాంటిది వాడాల్సిందే, 16 బిట్‌లో ఆ ఫైల్ 15 జీబీ దాకా వస్తుంది. ర్యామ్ కన్నా ముందు మంచి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) కొనండి.

బరువు మాత్రం బరువే, మౌంట్, ట్రైపాడ్, టెలీ లెన్స్ కలిపి మోస్తూ బండల మీద నడవడం తేలిక కాదు. ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే పర్మిషన్ తీసుకోవాలి, అక్కడికెళ్లాక వాదించి లాభం లేదు. వైడ్ లెన్స్‌తో ఇరవై ముప్పై ఫ్రేములే తీసేవాళ్లైతే క్లిక్ స్టాప్‌లు ఉన్న మాన్యువల్ పానో హెడ్ (చేత్తో తిప్పితే లెక్క ప్రకారం టక్కుమని ఆగేది) కొనుక్కోండి, తేలిక, చవక, బ్యాటరీ గొడవ లేదు. 100 ఎంఎం దాటి టెలీతో తీసేవాళ్లకే రోబో.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే మీ బరువైన లెన్స్ తీసుకెళ్లి బిగించి, పూర్తిగా పైకి వంచి, అక్కడే రెండు నిమిషాలు వదిలేయండి. ముక్కు కిందకి జారిందంటే వంచే మోటర్ గేర్లు అరిగినట్టే, ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోవద్దు.