సోరియాసిస్ చర్మంలో కొవ్వు అణువుల లెక్క: ఎలైసానా, మాస్ స్పెక్ట్రోమెట్రీనా?

సోరియాసిస్ మచ్చల్లో 12-హెచ్‌ఈటీఈ అనే కొవ్వు అణువు మామూలు చర్మంలో కంటే చాలా ఎక్కువని 1975లోనే తేలింది. ఇలాంటివాటిని కొలవడానికి ల్యాబుల్లో ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు.

ఎలైసా అంటే కావాల్సిన అణువును యాంటీబాడీతో పట్టుకుని కొలిచే పరీక్ష. ఇది చవక. 96 గుంతల ప్లేటు, ఒక రీడర్ ఉంటే పని నడుస్తుంది. పీజీఈ2 (ప్రోస్టాగ్లాండిన్ ఈ2, ఇదీ ఓ కొవ్వు అణువే) ఒక్కటే కావాలంటే నేనైతే దీనికే ఓటేస్తాను. చిక్కంతా యాంటీబాడీతోనే. పోలికలున్న వేరే అణువును కూడా పట్టేసుకుంటుంది, అంకె ఉబ్బిపోతుంది. పైగా ఒక్కో అణువుకు ఒక్కో కిట్టు కొనాలి.

ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (అణువులను వేరుచేసి, విరగ్గొట్టి, ముక్కల బరువు చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ) అంత తేలిగ్గా మోసపోదు. 12-హెచ్‌ఈటీఈ, 15-హెచ్‌ఈటీఈల బరువు ఒకటే, 320. కానీ యంత్రంలో విరగ్గొడితే మొదటిది 179 ముక్కను, రెండోది 219 ముక్కను ఇస్తుంది. ఒకే నమూనాలో పదుల కొద్దీ అణువులు చూడొచ్చు. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న స్టాండర్డులు తెలిసిన మోతాదులో ముందే కలుపుతారు కాబట్టి మధ్యలో పోయినదానికీ లెక్క దొరుకుతుంది. అయితే యంత్రం ఖరీదు, దాన్ని నడపడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి, అదో టెన్షన్. ఇంతా చేసి, సోరియాసిస్‌లో ఎక్కువగా కనిపించేది 12-హెచ్‌ఈటీఈ తాలూకు 12-ఆర్ రూపం, ప్లేట్‌లెట్లు తయారు చేసేది 12-ఎస్. అద్దంలో బొమ్మల్లాంటి ఈ రెండింటికీ ముక్కలు కూడా ఒకటే! విడదీయాలంటే కైరల్ కాలమ్ (అద్దపు బొమ్మల్లాంటి రూపాలను వేరుచేసే గొట్టం) పెట్టాల్సిందే.

ఏ పద్ధతైనా సరే, బయాప్సీ ముక్కను వెంటనే గడ్డకట్టించాలి. ఆలస్యమైతే కోసిన దెబ్బకే ప్రోస్టాగ్లాండిన్లు కొత్తగా పుట్టుకొస్తాయి.