బిగుసుకుపోయిన విండో: టికింటర్ మేలా, క్యూటీ మేలా?

పైథాన్‌లో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రాయాలనుకునేవారికి ఎక్కడ అడిగినా దొరికే సలహా ఒకటే. విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీల్లో టికింటర్ తేలిక, రూపం మాత్రం పాతది. క్యూటీ అందంగా ఉంటుంది, నేర్చుకోవడానికి సమయం పడుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ బటన్ అంచులు గుండ్రంగా ఉన్నాయా లేదా అన్నది మొదటి వారంలో తేలిపోయే విషయం. ఆ తర్వాత గంటలకు గంటలు పోయేది తప్పులు వెతకడంలోనే. అందుకే ఈ రెండింటినీ నేను వేరే ప్రశ్నతో తూస్తాను: ప్రోగ్రామ్ చెడినప్పుడు, ఎక్కడ చెడిందో ఏది త్వరగా చెబుతుంది?

ముందుగా ఎవరెవరో చూద్దాం. టికింటర్ పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో భాగం. దాని అడుగున ఉన్నది టీసీఎల్ భాషకు తోడుగా జాన్ ఔస్టర్‌హౌట్ తయారుచేసిన టీకే. క్యూటీ నార్వేలో పుట్టిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ. పైథాన్ నుంచి దాన్ని అందుకోవడానికి రెండు దారులున్నాయి. రివర్‌బ్యాంక్ సంస్థ చేసే పైక్యూటీ పాత దారి. 2009లో నోకియా మొదలుపెట్టిన పైసైడ్ రెండోది, ఇప్పుడు క్యూటీ సంస్థే దాన్ని నడుపుతోంది. కాబట్టి పోటీ పేరుకు ఇద్దరి మధ్యే అయినా, బరిలో ముగ్గురున్నారు. క్యూటీ దారులు రెండూ ఒకేలా ఉంటాయని అనుకుంటారు గానీ, తప్పు జరిగినప్పుడు వాటి నడత పూర్తిగా వేరు.

తప్పు జరిగితే ఏమవుతుంది?

బటన్ నొక్కగానే నడిచే ఫంక్షన్‌లో సున్నాతో భాగహారం జరిగిందనుకుందాం. టికింటర్‌లో ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ లైన్‌లో వచ్చిందో చూపే రాత) కన్సోల్‌లో పడుతుంది, విండో మాత్రం తనకేమీ పట్టనట్టు అలాగే ఉంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే తంతు. కన్సోల్ కళ్లముందు ఉన్నంతసేపు ఇది మంచి గుణమే. కానీ విండోస్‌లో ఫైలు పేరు చివర 'పీవైడబ్ల్యూ' పెట్టి నడిపినా, పైఇన్‌స్టాలర్‌తో కన్సోల్ లేకుండా ప్యాక్ చేసినా, ఆ ట్రేస్‌బ్యాక్ పడటానికి చోటే ఉండదు. ఇక వాడేవారి నుంచి వచ్చే ఫిర్యాదు ఒకటే: "బటన్ పనిచేయడం లేదండీ." దాన్ని పట్టుకుని ఎవరు మాత్రం ఏం వెతుకుతారు?

దీనికి మందు టికింటర్‌లోనే ఉంది. రూట్ విండోకు 'రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్' అనే మెథడ్ ఉంటుంది. దాని స్థానంలో మన ఫంక్షన్ పెట్టి, ట్రేస్‌బ్యాక్‌ను ఒక లాగ్ ఫైల్లోకి రాయించి, ఒక మెసేజ్‌బాక్స్ చూపిస్తే చాలు. నాలుగైదు లైన్ల పని. టికింటర్ నేర్పే పాఠాల్లో రంగులు మార్చడం మీద అధ్యాయాలుంటాయి, ఈ నాలుగైదు లైన్లు మాత్రం అరుదుగా కనబడతాయి.

పైక్యూటీది దీనికి సరిగ్గా ఎదురు స్వభావం. 2015లో వచ్చిన 5.5 నుంచి, స్లాట్‌లో (బటన్ నొక్కడం లాంటి సిగ్నల్‌కు బదులుగా నడిచే ఫంక్షన్‌లో) ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే అది ప్రోగ్రామ్‌నే కూల్చేస్తుంది. టెర్మినల్ నుంచి నడిపితే కూలేముందు ట్రేస్‌బ్యాక్ కనబడుతుంది. విండోస్‌లో కొన్ని ఎడిటర్ల లోపలి నుంచి నడిపితే అదీ కనబడదు, చివర్లో -1073740791 అనే ఎగ్జిట్ కోడ్ మాత్రం మిగులుతుంది. ఆ అంకె చూసి పైథాన్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారున్నారు. అంత అవసరం లేదు. అదే ఫైలును కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపి చూస్తే చాలాసార్లు అసలు తప్పు అక్కడే దొరుకుతుంది. 'సిస్.ఎక్సెప్ట్‌హుక్' స్థానంలో మన సొంత ఫంక్షన్ పెట్టుకుంటే కూల్చడం కూడా ఆగుతుంది.

పైసైడ్ ఈ విషయంలో టికింటర్ పక్షం: ట్రేస్‌బ్యాక్ ముద్రించి ముందుకు సాగుతుంది.

మూడింటిలో ఏది మేలు? రాస్తున్నంతకాలం పైక్యూటీ మొరటుతనమే నాకు నచ్చుతుంది. తప్పును చూసీ చూడనట్టు వదిలేసే అవకాశం అది ఇవ్వదు. సగం లెక్క చేసి ఆగిన ఫంక్షన్ వెనుక మిగతా ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటే, ఆ తర్వాత వచ్చే తప్పులన్నీ మొదటి తప్పు నీడలే. అయితే అదే ప్రోగ్రామ్ ఇంకొకరి బల్లమీదికి చేరాక, అరగంటసేపు టైపు చేసిన ఫారం కళ్లముందే మాయమవడం ఎవరూ క్షమించరు. అప్పుడు హుక్ తప్పనిసరి. హుక్ పెట్టుకున్నాక మూడూ సమానమే.

బిగుసుకుపోయే జబ్బు

ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడ. బటన్ నొక్కారు, వెనుక ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతోంది, విండో తెల్లబడి, స్పందించడం లేదంటూ టైటిల్ బార్‌లో రాత వచ్చింది. కారణం రెండు లైబ్రరీల్లోనూ ఒకటే. ఈవెంట్ లూప్ అంటే ఒకే గుమాస్తా ఉన్న కౌంటర్. మీ ఫంక్షన్ ఆ గుమాస్తాను పది సెకన్లు పట్టుకుని కూర్చుంటే, విండోను మళ్లీ గీయడం, మౌస్ కదలికలు, మూసే గుర్తు, అన్నీ వరసలో నిలబడాల్సిందే.

టికింటర్‌లో మొదటి ఆయుధం 'ఆఫ్టర్'. ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత ఈ ఫంక్షన్‌ను పిలవమని దానికి చెబుతాం. గడియారం, కౌంట్‌డౌన్, సెన్సర్ రీడింగ్ లాంటి చిన్న పనులకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దగ్గరగా చూడటం మంచిది. ఆఫ్టర్‌కు 1000 (మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను) ఇచ్చి, దాని పక్కన ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి. అలవాటుకొద్దీ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే, ఆ ఫంక్షన్ ఆ క్షణమే నడిచిపోతుంది. అది ఏమీ తిరిగి ఇవ్వకపోతే ఆఫ్టర్ చేతికి అందేది 'నన్', అంటే పైథాన్‌లో ఏమీ లేదని చెప్పే విలువ. ఫంక్షన్ ఇవ్వకుండా పిలిస్తే ఆఫ్టర్ ఊరికే అంతసేపు ఆగిపోతుంది, అంటే విండో ఒక సెకను నిద్రపోతుంది. దేన్ని తప్పించుకోవడానికి ఆఫ్టర్ వాడామో సరిగ్గా అదే జరుగుతుంది. తప్పు సందేశం రాదు. బటన్‌కు 'కమాండ్' ఇచ్చేటప్పుడు బ్రాకెట్లు పెట్టినా ఇదే తీరు: విండో తెరుచుకోకముందే పని జరిగిపోతుంది, ఆ తర్వాత బటన్ ఎంత నొక్కినా ఉలకదు పలకదు.

పెద్ద పనికి థ్రెడ్ కావాలి, అంటే మెయిన్ పని పక్కనే విడిగా నడిచే మరో పని వరస. టికింటర్‌లో వేరే థ్రెడ్ నుంచి లేబుల్‌ను నేరుగా మారిస్తే ఒక యంత్రంలో పనిచేస్తుంది, ఇంకోదానిలో మెయిన్ థ్రెడ్ మెయిన్ లూప్‌లో లేదంటూ రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. పనిచేసినప్పుడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అలాగే వదిలేస్తారు. నమ్మదగిన పద్ధతి ఇది: థ్రెడ్ తన ఫలితాన్ని ఒక క్యూలో వేస్తుంది, మెయిన్ థ్రెడ్ ఆఫ్టర్ సాయంతో 100 మిల్లీసెకన్లకొకసారి ఆ క్యూ తెరిచి చూస్తుంది. చూడటానికి నాటుగా ఉన్నా గట్టి పద్ధతి.

క్యూటీ ఇక్కడ స్పష్టంగా పైచేయి. సిగ్నల్ వేరే థ్రెడ్ నుంచి వెలువడితే, దాన్ని అందుకునే విడ్జెట్ (బటన్, లేబుల్ లాంటి తెర వస్తువు) ఉన్న థ్రెడ్‌కు క్యూటీయే వరసలో పెట్టి చేరవేస్తుంది. క్యూ మనం రాసుకోనక్కర్లేదు. కానీ ఈ సౌకర్యాన్ని పక్కనపెట్టి థ్రెడ్ నుంచి విడ్జెట్‌ను నేరుగా తాకితే శిక్ష టికింటర్ కంటే కఠినం. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి, ట్రేస్‌బ్యాక్ కూడా లేకుండా ప్రోగ్రామ్ పోతుంది. పైథాన్‌తోనే వచ్చే 'ఫాల్ట్‌హ్యాండ్లర్' మాడ్యూల్‌ను మొదటి లైన్లలోనే ఎనేబుల్ చేసి ఉంచితే, పోయే క్షణంలో ఏ ఫంక్షన్ ఏ లైన్‌లో ఉందో చెప్పి పోతుంది. క్యూటీతో పనిచేసేవారు దీన్ని ఎప్పుడూ తెరిచే ఉంచాలి.

మధ్యలో ఒక దొంగదారి కూడా ఉంది. టికింటర్‌లో 'అప్‌డేట్', క్యూటీలో 'ప్రాసెస్‌ఈవెంట్స్'. పెద్ద లూప్ మధ్యలో వీటిని పిలిస్తే విండో కదులుతుంది, నిజమే. అదే సమయంలో వాడేవారు బటన్‌ను మళ్లీ నొక్కితే, మొదటి పని పూర్తికాకుండానే అదే ఫంక్షన్ రెండోసారి లోపలికి వస్తుంది. వాడక తప్పదనుకుంటే ముందు ఆ బటన్‌ను డిజేబుల్ చేయండి.

మాయమయ్యే బొమ్మలు, మాయమయ్యే విండోలు

టికింటర్‌లో ఫంక్షన్ లోపల ఫోటోఇమేజ్ తెరిచి లేబుల్‌కు ఇస్తే, బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ మాత్రం కనబడుతుంది. తప్పు సందేశం లేదు. ఫంక్షన్ ముగియగానే బొమ్మను పట్టుకున్న పేరు పోయింది, పైథాన్ చెత్త ఊడ్చేసింది. లేబుల్‌కే ఒక ఆట్రిబ్యూట్‌గా ఆ బొమ్మను తగిలిస్తే సరిపోతుంది. క్యూటీలో ఇదే జబ్బు రెండో విండోకు వస్తుంది: ఒక్కసారి మెరిసి మాయం. థ్రెడ్‌ను లోకల్ వేరియబుల్‌లో పెట్టినా అదే గతి, కాకపోతే నడుస్తుండగానే క్యూథ్రెడ్ నాశనమైందని క్యూటీ చెప్పి మరీ కూలుతుంది. సీ ప్లస్ ప్లస్ వైపు వస్తువు ముందే పోయి, పైథాన్ పేరు మిగిలితే, ఫలానా రకం వస్తువు డిలీట్ అయిందని స్పష్టంగా చెబుతుంది. ఈ అంశంలో మార్కులు క్యూటీకే.

టికింటర్‌కు మాత్రమే ఉన్న ఇంకో ముల్లు: ఎంట్రీ (టైపు చేసే పెట్టె) తయారుచేసిన లైన్‌లోనే చుక్క పెట్టి, దాన్ని విండోలో అమర్చే 'గ్రిడ్' పిలవడం. గ్రిడ్ నన్‌ను తిరిగి ఇస్తుంది కాబట్టి వేరియబుల్‌లో ఎంట్రీకి బదులు నన్ కూర్చుంటుంది. ఆ తర్వాత ఎక్కడో బటన్ నొక్కినప్పుడు, నన్‌టైప్‌కు 'గెట్' అనే ఆట్రిబ్యూట్ లేదంటూ ఎర్రర్ వస్తుంది. దోషం ఒక లైన్‌లో, కేక ఇంకో లైన్‌లో. తయారీ ఒక లైన్, గ్రిడ్ ఇంకో లైన్‌గా రాసే అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

అసలు తెరుచుకోకపోతే

ఉబుంటులో టికింటర్ మాడ్యూల్ లేదని వస్తే పిప్‌తో వెతకడం వృథా. 'పైథాన్3-టీకే' ప్యాకేజీని ఏప్ట్‌తో తెచ్చుకోవాలి. మీ ఫైలుకే 'టికింటర్.పీవై' అని పేరు పెట్టి ఉంటే ముందు దాన్ని మార్చండి, పైథాన్ అసలు మాడ్యూల్‌ను వదిలి మీ ఫైలునే దిగుమతి చేసుకుంటోంది. ఇంతే, టికింటర్ వైపు కథ చిన్నది.

క్యూటీ వైపు లినక్స్‌లో పేరుమోసిన గొడవ, తెరమీద విండోలు తెరవడానికి అది వాడే ఎక్స్‌సీబీ ప్లగిన్‌ది. ప్లగిన్ దొరికింది కానీ లోడ్ కాలేదంటుంది, ఎందుకో తరచుగా చెప్పదు. 'క్యూటీ_డీబగ్_ప్లగిన్స్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చి మళ్లీ నడిపితే, ఏ లైబ్రరీ లోపించిందో జాబితాలో బయటపడుతుంది. క్యూటీ 6.5 నుంచి అది చాలాసార్లు 'లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0'. బొమ్మలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ కూడా అదే ప్రోగ్రామ్‌లో ఉంటే దాన్నీ అనుమానించాలి. లినక్స్‌లో అది తన సొంత క్యూటీ ప్లగిన్లను వెంట తెచ్చుకుని పైక్యూటీతో కొట్లాడుతుంది. సొంత విండోలు లేని ఓపెన్‌సీవీ హెడ్‌లెస్ ప్యాకేజీకి మారితే తగవు తీరుతుంది. పాత ఉదాహరణలను పైక్యూటీ6లోకి తెచ్చేవారికి ఇంకో మెట్టు: 'క్యూటీ.అలైన్‌సెంటర్' అని పొట్టిగా రాస్తే ఇప్పుడు చెల్లదు, మధ్యలో 'అలైన్‌మెంట్‌ఫ్లాగ్' కూడా రాయాలి. పైసైడ్6 పొట్టి రాతను ఇంకా సహిస్తుంది.

తెరుచుకోవడం వరకే లెక్కైతే టికింటర్ నెగ్గింది.

తెలుగు అక్షరాలు

మన పాఠకులకు ఇది పక్క విషయం కాదు. లినక్స్‌లో టీకే 8.6 అక్షరాలను ఒక్కొక్కటిగా గీస్తుందే తప్ప వాటిని కలిపి మలచదు. 'స్త్రీ' అని లేబుల్‌లో పెట్టండి: త ఒత్తు, ర ఒత్తు కిందికి దిగవు, పొల్లులతో విడివిడిగా వరసలో నిలబడతాయి. ఫాంట్ మార్చి చూస్తారు, ఎన్‌కోడింగ్ తనిఖీ చేస్తారు, యూటీఎఫ్-8 అని నాలుగు చోట్ల రాస్తారు. లోపం అక్కడ లేదు, టీకే గీసే పద్ధతిలో ఉంది. మీ కోడ్‌లో ఏం మార్చినా అది బాగుపడదు. విండోస్‌లో, మ్యాక్‌లో ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది కాబట్టి అక్కడ రాసినవారికి ఈ సంగతి తెలియనే తెలియదు. క్యూటీ మాత్రం హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాలను మలుస్తుంది, మూడు చోట్లా ఒత్తులు సరిగ్గా పడతాయి.

కాబట్టి నా తీర్పు ఇలా ఉంది. మీకోసం మీరు రాసుకునే చిన్న పనిముట్టు అయితే, అంటే ఫైళ్ల పేర్లు మార్చడం, ఒక సీఎస్‌వీ చూడటం, నాలుగు అంకెలు లెక్కగట్టడం లాంటివి, టికింటరే మేలు. ఇన్‌స్టాల్ చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు, చెడే దారులు కొన్నే, అవి పైన చూశాం. వెనుక థ్రెడ్ నడవాల్సి వస్తే, ప్రోగ్రామ్ వేరొకరి చేతికి వెళ్లేదైతే, తెరమీద తెలుగు ఉండి వాడేవారిలో ఒక్కరైనా లినక్స్‌లో ఉంటే, పైసైడ్6 వైపు వెళ్లండి. పైక్యూటీకి బదులు దాన్నే ఎందుకంటే లైసెన్సు కోసం. పైక్యూటీ జీపీఎల్ కింద వస్తుంది కాబట్టి సోర్స్ దాచి అమ్మాలంటే వాణిజ్య లైసెన్సు కొనాలి. పైసైడ్‌ది ఎల్‌జీపీఎల్, దాని షరతులు పాటిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. డబ్ల్యూఎక్స్‌పైథాన్ అనే మరో లైబ్రరీ కూడా మంచిదే, కానీ లినక్స్‌లో పిప్‌తో తేవాలంటే చాలాసార్లు సోర్స్ నుంచి కంపైల్ చేయాల్సి వస్తుంది, ఆ ఓపిక అందరికీ ఉండదు.

ఇప్పటికే టికింటర్‌లో సగం రాసి ఉన్నవారు వెంటనే అంతా తిరగరాయనక్కర్లేదు. లెక్కలు, ఫైళ్లు, డేటాబేస్ చూసే ఫంక్షన్లను విడ్జెట్ల నుంచి విడదీసి వేరే ఫైల్లో పెట్టండి. ఆ ఫైలు టికింటర్‌ను దిగుమతి చేసుకోకుండా కన్సోల్‌లో నడిస్తే, పైసైడ్‌కు మారే రోజున మళ్లీ రాయాల్సింది తెర భాగం ఒక్కటే.